కుర్తలియోతికో గండి నుంచి ప్రేవెలి తీరం దాకా ఏటి నడక: తరచుగా అడిగే ప్రశ్నలు

గ్రీసు దేశపు క్రీట్ ద్వీపంలో, రెథిమ్నో పట్టణానికి దక్షిణాన, కొండల నడుమ పారే ఒక ఏటిలో దిగి, నడుస్తూ, అక్కడక్కడ ఈదుతూ, మధ్యధరాలో భాగమైన లిబియా సముద్రం ఒడ్డున ఉన్న ప్రేవెలి తీరానికి చేరే ప్రయాణం ఇది. స్థానిక గైడ్ల వెంట తెలుగు కుటుంబాలతో కలిసి నేను ఈ దారిలో పలుమార్లు నడిచాను. వెళ్ళే ముందు దాదాపు ప్రతి కుటుంబమూ అడిగే ప్రశ్నలకు తీరిగ్గా జవాబు రాసి పెట్టాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. భయపెట్టాలనీ లేదు, ఊరించాలనీ లేదు. బయలుదేరే ముందు తెలిసి ఉండవలసినవి మాత్రం తెలిసి ఉండాలి.

ఈ దారి అసలు ఎలా ఉంటుంది?

రెథిమ్నో నుంచి దక్షిణంగా ప్లాకియాస్ వైపు వెళ్ళే రోడ్డు కుర్తలియోతికో అనే ఇరుకు గండిలోంచి పోతుంది. రెండు వైపులా సున్నపురాతి కొండలు నిలువుగా లేచి ఉంటాయి. రోడ్డు ఎత్తులో ఉంటుంది, ఏరు అడుగున పారుతుంది. రోడ్డు పక్కనుంచి మెట్లు దిగితే సెయింట్ నికొలస్ పేరిట కట్టిన చిన్న ప్రార్థనామందిరం, ఆ కిందనే ఊటలు, జలపాతం కనిపిస్తాయి. గండి దాటాక అసోమతోస్ అనే ఊరి దగ్గర లోయ కాస్త విశాలమవుతుంది. అక్కడి నుంచి ఏటిని మెగాస్ పొతమోస్ అంటారు, అంటే అచ్చంగా మన ‘పెద్దేరు’. మరికొంత దిగువన విల్లులా వంగిన పాత రాతి వంతెన కింద నుంచి పారి, మళ్ళీ ఒక సన్నని గండిలోకి జొరబడి, ఈతచెట్ల నడుమ చెరువులా పరుచుకుని, చివరికి ఇసుకను చీల్చుకుని సముద్రంలో కలుస్తుంది.

కొన్ని బృందాలు ఎగువ గండి నుంచి దిగుతాయి, కొన్ని వంతెన ప్రాంతం నుంచి దిగువ గండిలో మాత్రమే నడుస్తాయి. రెండింటినీ ‘రివర్ ట్రెక్’ అనే పిలుస్తారు కానీ కష్టంలో చాలా తేడా ఉంది. కాబట్టి డబ్బు కట్టే ముందు ‘ఎక్కడ నీళ్ళలోకి దిగుతాం, ఎక్కడ పైకి వస్తాం’ అని స్పష్టంగా అడిగి తెలుసుకోవాలి.

గండి అనే మాటను నేను కావాలనే వాడుతున్నాను. కొండను ఏరు కోసుకుని పోయిన చోటును రాయలసీమలో గండి అనే అంటారు. గండికోటకు ఆ పేరు పెన్న వల్లనే వచ్చింది. కాకపోతే గండికోటలో మనం అంచున నిలబడి కిందికి చూస్తాం. ఇక్కడ అడుగున నిలబడి పైకి చూస్తాం. మెడ ఎత్తి చూస్తే ఆకాశం ఒక పంచె అంచంత సన్నగా కనిపించే చోట్లు ఉన్నాయి.

నడివేసవిలో కూడా ఏట్లో నీళ్ళు ఉంటాయా?

ఉంటాయి. ఈ ఏటి విశేషమే అది. క్రీట్‌లో చాలా వాగులు వేసవి వచ్చేసరికి ఎండిపోయి రాళ్ళకుప్పలుగా మిగులుతాయి. ఇది మాత్రం ఏడాది పొడవునా పారుతుంది. కారణం రాయిలో ఉంది. సున్నపురాయి వాననీటికి కొద్దికొద్దిగా కరుగుతుంది. మనకు బొర్రా గుహలనూ బెలుం గుహలనూ ఇచ్చింది ఆ కరగడమే. చలికాలంలో పడిన వానా, ఎత్తు కొండలపై కురిసిన మంచూ పగుళ్ళలోంచి ఇంకి, కొండ కడుపులో నిలవుండి, వేసవిలో ఊటలుగా బయటికి వస్తాయి. ఆగస్టులో మనం కాలు పెట్టే నీరు మొన్న పడిన వాన కాదు.

ఊరివాళ్ళు దీనికి మరో కథ చెబుతారు. నికొలస్ అనే సాధువు దాహంతో ఉన్నవారి కోసం కొండమీద అరచెయ్యి ఆనించగా అయిదు వేళ్ళు ఆనిన అయిదు చోట్ల ఊటలు పుట్టాయట. ఊటల దగ్గర నిలబడి ఈ కథ వింటే, ఎండిన దీవిలో నీటికి ఎంత విలువో చెప్పకుండానే తెలుస్తుంది.

ఏ నెలల్లో వెళ్ళడం మంచిది?

మే నుంచి అక్టోబరు వరకు అనుకూలం. ఇక్కడ మనవాళ్ళు తరచుగా పొరబడే విషయం ఒకటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనకు వానలు కాబట్టి గండిలోకి వెళ్ళకూడదేమో అని అడుగుతారు. మధ్యధరా ప్రాంతంలో లెక్క తలకిందులు. అక్కడ వానలు చలికాలంలో పడతాయి, నడివేసవిలో దాదాపు చినుకు ఉండదు. నవంబరు తర్వాత ఏరు ఉన్నట్టుండి పొంగుతుంది, అప్పుడు ఇరుకు గండిలో ఉండడం ప్రాణాలతో చెలగాటమే.

నా మాట వింటే మే చివర గానీ సెప్టెంబరులో గానీ రండి. మేలో నీరు నిండుగా ఉంటుంది, కొండలు ఇంకా పచ్చగా ఉంటాయి. సెప్టెంబరులో సముద్రం గోరువెచ్చగా ఉంటుంది, జనం పలచబడతారు. జూలై, ఆగస్టుల్లో తీరం కిటకిటలాడుతుంది. వేసవిలో ఉత్తరపు గాలి కూడా ఈ గండిలో గట్టిగా వీస్తుంది. కొండల మధ్య ఆ గాలి చేసే చప్పుడుకు, ‘చప్పట్ల’ చప్పుడుకు, గండి పేరుకు సంబంధం ఉందని చెబుతారు. గాలి మరీ ఎక్కువైన రోజున గైడ్ ప్రయాణాన్ని వాయిదా వేస్తే దయచేసి వాదించకండి. గాలికి పైనుంచి రాళ్ళు రాలతాయి.

నాకు ఈత రాదు. రావచ్చా?

అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే, పైగా చాలామంది దీన్ని గొంతు తగ్గించి అడుగుతారు. సిగ్గుపడవలసిన పని లేదు. చెరువూ బావీ దగ్గర లేని పట్నపు ఇళ్ళలో పెరిగిన మనలో చాలామందికి ఈత నేర్చుకునే వీలే దొరకలేదు.

దారిలో ఎక్కువ భాగం మోకాలి లోతు, నడుము లోతు ఉంటుంది. నిలబడితే కాళ్ళు అందని మడుగులు కొన్ని వస్తాయి. లైఫ్ జాకెట్ తప్పనిసరిగా వేసుకుంటారు కాబట్టి మడుగులో మునగడం అనేది ఉండదు. వెల్లకిలా పడుకుంటే జాకెట్ మిమ్మల్ని తేలుస్తుంది, గైడ్ భుజం దగ్గరి పట్టీ పట్టుకుని అవతలి ఒడ్డుకు లాగుతాడు. కాబట్టి దిగువ గండి మాత్రమే నడిచే బృందాల్లో ఈత రానివారిని సాధారణంగా తీసుకుంటారు. ఎగువ గండి నుంచి మొదలుపెట్టే ప్రయాణానికి మాత్రం ఈత వచ్చి ఉండడం మేలు.

అయితే ఈత రాకపోవడం వేరు, నీళ్ళంటే భయం వేరు. ఈత రాకపోయినా ముఖం మీద నీళ్ళు పడితే ఊపిరి బిగబట్టుకుని నవ్వగలిగేవాళ్ళు ఈ దారిని హాయిగా దాటుతారు. ఈత వచ్చి కూడా పాదం కింద నేల కనిపించకపోతే గుండె దడదడలాడేవాళ్ళను నేను చూశాను. మీరు రెండో రకమైతే ముందే గైడ్‌కు చెప్పండి. వీలైతే ప్రయాణానికి ముందు రోజు ప్లాకియాస్ దగ్గరి సముద్రంలో లైఫ్ జాకెట్ వేసుకుని పది నిమిషాలు తేలి చూడండి. గండి మధ్యలో మనసు మారితే వెనక్కి పోవడం ముందుకు పోవడం కంటే కష్టం, ఎందుకంటే ఏటికి ఎదురు నడవాలి.

నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయి? వెట్‌సూట్ లోపల ఏమి వేసుకోవాలి?

ఊటనీరు కనుక పైన ఎండ మండుతున్నా నీరు ఒళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉంటుంది. వెట్‌సూట్ వేసుకుంటే తడవమని కొందరు అనుకుంటారు, తడుస్తాం. ఆ మందపాటి రబ్బరుగుడ్డ ఒంటికీ తనకూ మధ్య పలుచని నీటిపొరను బంధించి ఉంచుతుంది, మన ఒంటివేడి ఆ పొరను వెచ్చబరుస్తుంది. అందుకే అది ఒంటికి బిగుతుగా ఉండాలి. వదులుగా ఉంటే వెచ్చబడిన నీరు పోయి కొత్త చన్నీళ్ళు వస్తూనే ఉంటాయి. మొదటి మడుగులో దిగినప్పుడు మెడ వెనుక జిప్పు సందులోంచి ఒక సన్నని చల్లని ధార వెన్నుపూస వెంట కిందికి జారుతుంది. ఎంతటి గంభీరమైన మనిషైనా ఆ క్షణంలో ఒక కేక వేస్తారు. నిమిషం తర్వాత సర్దుకుంటుంది.

లోపల ఈత దుస్తులు గానీ, ఒంటికి అతుక్కునే లెగ్గింగూ టీషర్టూ గానీ వేసుకోండి. నూలు బట్టలు, జీన్సు, చుడీదారు వద్దు, అవి నీళ్ళు పీల్చి బరువెక్కి ఒరుసుకుంటాయి. ఒళ్ళు కనబడుతుందేమో అని సందేహించే ఆడవారికి ఒక మాట: మెడ నుంచి చీలమండ దాకా కప్పే దుస్తు ఇది, దానిపైన లైఫ్ జాకెట్ కూడా ఉంటుంది. మార్చుకునే చోటు మాత్రం కొన్నిసార్లు వ్యాను వెనుకే కాబట్టి లోపలి బట్టలు ఇంటి దగ్గరే వేసుకుని రండి. నడుము కొలత, ఎత్తు, బరువు నిజంగా ఉన్నవే రాసి పంపండి. పెళ్ళినాటి బరువు రాసి పంపి, వ్యాను దగ్గర జిప్పుతో కుస్తీ పట్టినవారున్నారు.

కాళ్ళకు ఏమి వేసుకోవాలి? ఎలా నడవాలి?

నన్నడిగితే ఈ ప్రయాణంలో తక్కిన అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ధైర్యమూ బలమూ తర్వాత. ముందు పాదం ఎక్కడ పెడుతున్నామన్నది.

అట్ట గట్టిగా ఉండి, వేళ్ళు మూసుకుని, లేసులతో బిగించే పాత స్పోర్ట్స్ బూట్లు చాలు. చెప్పులు, శాండిళ్ళు, పూల్ దగ్గర వేసుకునే పలుచని రబ్బరు బూట్లు పనికిరావు. మొదటిసారి నేను పట్టీల శాండిళ్ళతో దిగాను. రెండో మలుపు దగ్గర ఒకటి రెండు బండల మధ్య ఇరుక్కుని, పాదం జారి బయటికి వచ్చి, శాండిల్ ఏటిపాలైంది. మిగిలిన దూరం గైడ్ సంచిలోంచి తీసి ఇచ్చిన, నా పాదానికి రెండు సైజులు పెద్దదైన బూటుతో నడిచాను.

ఏటిలో మూడు రకాల రాళ్ళుంటాయి. తెల్లగా, ఎండి, గరుగ్గా ఉన్న సున్నపురాయి పాదాన్ని పట్టుకుంటుంది. తడిసి నల్లబడి మెరిసే రాయి పాకుడు పట్టినది, దానిమీద అడుగు వేస్తే సబ్బుమీద వేసినట్టే. మూడోది గులకరాళ్ళ పరుపు. జారదు కానీ కింద కదులుతుంది. గైడ్ నడకను గమనించండి. అతను అడుగు వేసే ముందు మడమతో రాతిని చిన్నగా తట్టి చూస్తాడు, కదలదని తెలిశాకే బరువు మోపుతాడు. రాతి నెత్తిన కాకుండా రెండు రాళ్ళ మధ్య నేలమీద పాదం ఆనిస్తాడు. ఒక్కోసారి రాతిమీద అడుగు వేయక తప్పదు, అప్పుడు మోకాళ్ళు కొద్దిగా వంచి, ఒక చెయ్యి ఏదో ఒక బండకు ఆనించి ఉంచుతాడు. నీటి వడి ఉన్నచోట ఎగువకు ముఖం పెట్టి పక్కకు జరుగుతూ దాటుతాడు. ఈ దారిలో మీరు ఎక్కువసార్లు వినే గ్రీకు మాట ‘సిగా సిగా’. నెమ్మదిగా, నెమ్మదిగా అని అర్థం.

జారి ప్రవాహంలో పడితే ఏం చేయాలి?

వెంటనే లేచి నిలబడాలని అనిపిస్తుంది. నిలబడకూడదు. వడిగా పారే నీటిలో నిలబడబోతే పాదం రాళ్ళ సందులో ఇరుక్కుని, వెనుకనుంచి నీరు ఒంటిని ముందుకు తోసి, మోకాలి లోతు నీటిలోనే మనిషి లేవలేకపోయే ప్రమాదం ఉంది. వెల్లకిలా పడుకుని, పాదాలు దిగువ వైపు చాచి, కాలివేళ్ళు నీటిపైన కనిపించేలా ఉంచి, చేతులతో ఒడ్డువైపు తెడ్డు వేసుకుంటూ పోవాలి. నీరు నెమ్మదించిన చోట, చెయ్యి కింద ఇసుక తగిలాక, అప్పుడు లేవాలి. దిగే ముందు గైడ్ దీన్ని నిలవనీటిలో ఒకసారి చేయించి చూపిస్తాడు. చేయించకపోతే మీరే అడగండి.

ఎత్తునుంచి దూకడం తప్పనిసరా?

కాదు. దూకే చోట్లకు పక్కదారి ఉంటుంది, లేదా తాడు పట్టుకుని దిగవచ్చు. దూకదలచుకుంటే గైడ్ చూపిన చోటే, చూపిన తీరులోనే, కాళ్ళు కిందికి పెట్టి దూకాలి. నిన్న లోతుగా ఉన్న మడుగులో ఈరోజు కొత్తగా కొట్టుకొచ్చిన బండ ఉండవచ్చు. తల కిందికి పెట్టి దూకడం ఎవరికీ, ఎప్పుడూ వద్దు. తోటివారు చప్పట్లు కొట్టి ఉసిగొల్పడం కూడా మానుకోవాలి. ఆ చప్పట్ల మొహమాటానికి దూకి మడమ బెణికించుకున్న బావమరిది ఒకరు మా బృందంలోనే ఉన్నారు.

పిల్లలు, పెద్దవయసువారు, ఆరోగ్య సమస్యలు ఉన్నవారి సంగతి ఏమిటి?

కనీస వయసును ఒక్కో నిర్వాహకుడు ఒక్కో రకంగా పెడతాడు. నా అనుభవంలో వయసుకంటే ఎత్తు ముఖ్యం. పెద్దవాళ్ళకు మోకాలి లోతు ఉన్న నీరు చిన్నపిల్లకు నడుముకు వస్తుంది. పిల్లలకు చలి కూడా త్వరగా పడుతుంది. పెదాలు నీలంగా మారినా, మాట తడబడినా వెంటనే గైడ్‌కు చెప్పాలి.

అరవై దాటినవారు రోజూ నడిచే అలవాటు, మెట్లు దిగగల మోకాళ్ళు ఉంటే నిక్షేపంగా రావచ్చు. గుండెజబ్బు, మూర్ఛ, ఈమధ్యే జరిగిన ఆపరేషన్, గర్భం ఉన్నవారు రాకూడదు. మధుమేహం ఉన్నవారు డాక్టరును అడిగి, ఏదైనా తీపి పదార్థాన్ని గైడ్ దగ్గరి నీరు చొరని సంచిలో ఉంచాలి. చన్నీళ్ళలో గంటల తరబడి కదులుతుంటే ఒంట్లో చక్కెర అనుకున్నదానికంటే వేగంగా పడిపోతుంది, పైగా వణుకు చలివల్ల వచ్చిందా చక్కెర తగ్గడంవల్ల వచ్చిందా తెలియదు. ఆస్తమా ఉన్నవారి ఇన్‌హేలర్‌కూ అదే సంచి. ఈ వివరాలు దాచిపెట్టి వచ్చేవారివల్ల మొత్తం బృందానికి ఇబ్బంది.

నీళ్ళలో పాములుంటాయా?

క్రీట్‌లో నాలుగు రకాల పాములే ఉన్నాయి, వాటిలో మనిషి ప్రాణం తీసేది ఒక్కటీ లేదు. ఏటిలో కనిపించగలది మన నీరుకట్టు పాము వంటి నీటిపాము. విషం లేదు, మనల్ని చూసి అదే తప్పుకుంటుంది. మంచినీటి ఎండ్రకాయలు, చిన్న తాబేళ్ళు ఉంటాయి. రాళ్ళ కింద చేతులు పెట్టకుండా ఉంటే వాటికీ మీకూ క్షేమం.

పాములకంటే మేకల విషయంలో జాగ్రత్త పడాలి. గట్టుమీద మేసే మేకల కాళ్ళకింద రాళ్ళు దొర్లి కింద పడతాయి. హెల్మెట్ ఇచ్చేది ప్రధానంగా అందుకే. ఫొటో కోసం దాన్ని తీయకండి. ఆ మేకల కారణంగానే ఏటినీరు, ఎంత తేటగా కనిపించినా, తాగకూడదు.

దారిలో చూడవలసినవి ఏమిటి?

ముందుగా ఆకాశం. ఈ కొండల్లో రాబందులు గూళ్ళు కట్టుకుంటాయి. పొద్దెక్కి రాయి వేడెక్కాక, రెక్క కదపకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి లేస్తాయి. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందు మనదేశంలో రాబందులను తుడిచిపెట్టింది. ఆ పశువైద్య మందును 2006లో నిషేధించినా తెలుగు నేలమీద అవి మళ్ళీ కనిపించడం అరుదు. బెజ్జూరు అడవి గుట్టల వంటి చోట్ల తప్ప. మా బృందాల్లోని పిల్లల్లో చాలామంది జీవితంలో మొదటి రాబందును ఇక్కడే చూశారు. ఒక పెద్దాయన అయితే చిన్నప్పుడు ఊరి బయట గుంపులుగా చూసిన పక్షిని మళ్ళీ చూసి, నడుము లోతు నీటిలో నిలబడి, చాలాసేపు కదల్లేదు.

తర్వాత చెట్లు. క్రీట్ వాగుల ఒడ్డున పెరిగే గులాబిరంగు పువ్వుల పొద మరేదో కాదు, మన గన్నేరే. అందంగా ఉంది కదా అని పువ్వు తుంచి, అదే చేత్తో తిండి తినకండి. చెట్టంతా విషమని మన ఇళ్ళలో పిల్లలకు చెప్పే మాట అక్కడా వర్తిస్తుంది. వంగరంగు కంకులతో ఘాటుగా వాసన వేసే మరో పొద మన వావిలికి దగ్గరి చుట్టం.

చివరి మలుపు తిరిగాక కనిపించేది ఈతవనం. వృక్షశాస్త్రంలో దీన్ని ఫీనిక్స్ థియోఫ్రాస్టీ అంటారు. క్రీస్తుకు పూర్వం మొక్కల గురించి గ్రంథాలు రాసిన గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ పేరిట వచ్చిన పేరు. మన ఈతచెట్టు ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్, అంటే ఒకే ప్రజాతి. తేడా ఏమిటంటే మన ఈత ఒంటి మానుగా పెరుగుతుంది, క్రీట్ ఈత మొదట్లో పిలకలు వేసి గుంపుగా లేస్తుంది. పండ్లు చిన్నవి, పీచు ఎక్కువ, తినడానికి ఏమీ ఉండదు. కల్లు గీస్తారా అని ప్రతి బృందంలోనూ ఒకరు తప్పకుండా అడుగుతారు. ఇవి రక్షణలో ఉన్న చెట్లు, మట్ట విరవడం కూడా తగదు.

2010 ఆగస్టులో పెద్ద మంట ఈ వనాన్ని చాలామటుకు కాల్చివేసింది. నల్లబడిన మానుల ఫొటోలు చూసినవారు అంతా పోయిందనుకున్నారు. కానీ ఈతజాతి చెట్టు ప్రాణం మొవ్వులో భద్రంగా ఉంటుంది. మట్టలు కాలినా మొవ్వు మిగిలితే చెట్టు బతుకుతుంది, మొదట్లోని పిలకలూ లేస్తాయి. కొన్నేళ్ళలోనే వనం మళ్ళీ పచ్చబడింది. దగ్గరగా వెళ్ళి చూస్తే కింది సగం బొగ్గులా నల్లగా, పై సగం మామూలు గోధుమరంగులో ఉన్న మానులు కొన్ని కనిపిస్తాయి. ఆ రంగు మారిన చోటే నాటి మంట గీసిన గీత.

ప్రేవెలి మఠానికీ ఈ తీరానికీ సంబంధం ఏమిటి?

మఠానికి రెండు భాగాలున్నాయి. వంతెన దగ్గర శిథిలంగా ఉన్నది కింది మఠం. సముద్రాన్ని చూస్తూ కొండమీద ఉన్నది వెనుక మఠం, ఇందులో ఇప్పటికీ సాధువులున్నారు. 1941 మేలో జర్మన్ సేనలు క్రీట్‌ను ఆక్రమించాక ద్వీపంలో చిక్కుబడిన బ్రిటిష్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికులకు మఠాధిపతి అగథాంగెలోస్ లగువార్దోస్, చుట్టుపక్కల ఊళ్ళవారు ఆశ్రయమిచ్చారు. ఆ ఏడాది వేసవిలో థ్రాషర్, టోర్బే అనే జలాంతర్గాములు రాత్రివేళ ఈ తీరానికి వచ్చి వారిని ఎక్కించుకుపోయాయి. దానికి ప్రతీకారంగా జర్మన్లు మఠాన్ని దోచి, కింది మఠాన్ని ధ్వంసం చేశారు. రోడ్డు పక్కన, చేతిలో తుపాకి పట్టుకున్న మఠాధిపతి విగ్రహం, పక్కనే ఒక సైనికుడి విగ్రహం కనిపిస్తాయి. నడక ముగిశాక ఓపిక ఉంటే మఠం చూసి రండి. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు ఉండాలి.

తీరం చేరాక సముద్రంలో ఈదవచ్చా?

ఈదవచ్చు, ఈదాలి కూడా. చన్నీటి ఏటిలోంచి పది అడుగులు వేసి వెచ్చని సముద్రంలోకి దిగడం ఈ ప్రయాణంలో అసలైన బహుమానం. ఏరు కలిసే చోట ఒక కాలు చల్లగా, ఒక కాలు వెచ్చగా తెలుస్తుంది. మన బంగాళాఖాతంలోకి పెద్ద నదులెన్నో కలుస్తాయి కనుక నీటిలో ఉప్పు తక్కువ. ఇక్కడ ఉప్పు ఎక్కువ, మనిషి కాస్త తేలిగ్గా తేలతాడు, కళ్ళు మాత్రం మండుతాయి. అలలు పెద్దగా ఉన్న రోజున మాత్రం ఒడ్డున ఉన్న గుండె ఆకారపు బండ దగ్గరికి పోవద్దు.

శాకాహారులకు తిండి దొరుకుతుందా?

మనవాళ్ళు భయపడేదానికంటే బాగా దొరుకుతుంది. ద్రాక్షతోటల, ఆలివ్‌తోటల దేశం. ఉపవాస దినాల్లో మాంసం మానేసే ఆచారం వారికీ ఉంది కనుక నూనెలో మగ్గబెట్టిన కూరగాయలు, చిక్కుడుగింజలు, ఉడికించిన ఆకుకూరలు ప్రతి టావెర్నాలోనూ, అంటే అక్కడి భోజనశాలలోనూ, ఉంటాయి. బార్లీ రస్కు మీద తురిమిన టమాటా, మెత్తని జున్ను, ఆలివ్ నూనె వేసి ఇచ్చే ‘డాకోస్’ను తప్పక తినండి. నడకలోకి మాత్రం పులిహోర పొట్లాలు వద్దు, తడి చేతులతో తినడం కుదరదు. ఖర్జూరాలు, పల్లీచిక్కీ గైడ్ సంచిలో ఇట్టే పడతాయి.

ఫోన్, కళ్ళద్దాలు, నగలు?

ఫోన్‌ను వ్యానులో వదిలేయడం మంచిది. కళ్ళద్దాలకు వెనుక తాడు కట్టుకోండి. ఉంగరాలు తీసి ఇంట్లో పెట్టి రండి. చన్నీళ్ళలో వేళ్ళు సన్నబడి ఉంగరం తెలియకుండానే జారిపోతుంది. మంగళసూత్రం తీయడం ఇష్టంలేనివారు దాన్ని వెట్‌సూట్ లోపలికి వేసుకుని, మెడ దగ్గర జిప్పు పూర్తిగా మూసుకుంటే ఇబ్బంది ఉండదు.

గైడ్ లేకుండా మేమే వెళ్ళవచ్చు కదా?

తీరానికి పైనుంచి మెట్లు దిగి వెళ్ళి, ఈతవనంలో ఏటి వెంట కొంతదూరం పైకి నడవడానికి గైడ్ అక్కర్లేదు. గండిలో పైనుంచి కిందికి రావడానికి గైడ్ కావాలి. ఎక్కడ నీరు బండకింద సుడి తిరుగుతుందో, ఏ మడుగు పక్కన బయటికి వచ్చే దారి ఉందో చూపుతో తెలియదు. ఫోన్ సిగ్నల్ కూడా గండిలో నమ్మదగినది కాదు. అత్యవసరంలో ఐరోపా అంతటికీ పనిచేసే నంబరు 112.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ధర చివర అడగండి. ఒక గైడ్‌కు ఎంతమంది, ప్రథమ చికిత్సలో శిక్షణ ఉందా, పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఉన్నాయా, వాతావరణం బాగోలేక రద్దయితే డబ్బు తిరిగిస్తారా అన్నవి ముందు అడగాలి.

వీసా, బీమా ఎలా?

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ వీసా (ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) కావాలి. అమెరికా గ్రీన్‌కార్డు, బ్రిటన్ నివాసానుమతి ఉన్నా ఇది తప్పదు. జర్మనీ, నెదర్లాండ్స్ వంటి షెంగెన్ దేశాల నివాసానుమతి ఉన్నవారు 180 రోజుల్లో 90 రోజుల వరకు వేరే వీసా లేకుండా గ్రీసులో ఉండవచ్చు. వీసా కోసం తీసుకునే బీమా కనీసం 30,000 యూరోల వైద్యఖర్చు భరించాలి. అయితే అలాంటి పాలసీల్లో చాలావరకు సాహసక్రీడలను మినహాయిస్తాయి. ‘ట్రెక్కింగ్’ అని రాసి ఉంటే చాలదు, నీటిలో నడక వర్తిస్తుందా అని రాతపూర్వకంగా అడిగి జవాబు తీసుకోండి.

అక్కడికి ఎలా చేరాలి?

ఇరాక్లియో, హనియా అనే రెండు విమానాశ్రయాల్లో దేనికి వచ్చినా రెథిమ్నో మధ్యలో ఉంటుంది. ఏథెన్స్ రేవు పిరేయస్ నుంచి రాత్రి ఎక్కి తెల్లవారి దిగే ఓడలూ ఉన్నాయి. రెథిమ్నో నుంచి ప్లాకియాస్‌కు బస్సు గండిలోంచే పోతుంది. కిటికీ పక్కన కూర్చుంటే మరుసటి రోజు నడవబోయే ఏటిని ముందే పైనుంచి చూసుకోవచ్చు. ముందురోజు రాత్రి ప్లాకియాస్‌లో బస చేయడం సుఖం.

తిరిగి పైకి ఎలా వస్తాం?

దీన్ని ఎవరూ ముందు అడగరు, తీరం చేరాక అందరూ అడుగుతారు. వ్యాను కొండమీది పార్కింగ్‌లో ఉంటుంది, అక్కడికి కొన్ని వందల రాతిమెట్లు ఎక్కాలి. అలిపిరి నుంచి తిరుమలకు నడిచినవారికి ఇది లెక్కలోనిది కాదు, కానీ అలిపిరిలో ఉన్న నీడ ఇక్కడ లేదు, కాళ్ళు అప్పటికే ఏటిలో అలిసి ఉంటాయి. సముద్రం ప్రశాంతంగా ఉన్న వేసవి రోజుల్లో ప్లాకియాస్ వైపు పడవలు కూడా నడుస్తాయి, మోకాళ్ళ నొప్పులున్నవారికి అది మంచి దారి. ఆ రోజు పడవ ఉందో లేదో పొద్దున్నే కనుక్కోవాలి. మెట్లెక్కేవారు తీరంలో తొందరగా బట్టలు సర్దుకోకుండా, ఎండ వాలేదాకా ఈతచెట్ల నీడన కూర్చుని, తలా ఒక లీటరు నీళ్ళ సీసా కొనుక్కుని బయలుదేరండి. తడి వెట్‌సూట్‌ను మడిచి భుజాన వేసుకోండి. అది పొద్దున కంటే చాలా బరువుగా ఉంటుంది.